కాకికి దీర్ఘం

ఎన్నిస్, క్లేర్ కౌంటీ, ఐర్లండ్
జూన్ 3

శ్రీమతి ఎందో గారికి డాక్టర్ రామలింగేశ్వరరావు నమస్కరించి రాస్తున్నది.

ముందు మీ పేరు సంగతి చెప్పాలి. మీరు డబ్లిన్ పక్కన క్లాండాల్కిన్‌లో ఉన్న నాలుగేళ్ళూ మీతో ఒకే ఇంట్లో అద్దెకున్న అనురాధ మాకు బాగా తెలుసు. కరీంనగర్ అమ్మాయి. జపాన్‌లో మనుషుల్ని వెంటబెట్టుకుని ఒక్కరోజు యాత్రలు తిప్పే స్నేహితురాలు ఉందని, ఆవిడ తెలుగు చదువుతుందని, రాస్తుందని చెప్పింది. పేరేమిటమ్మా అని ఫోన్‌లో అడిగాను. "ఎందో, అంకుల్" అంది. వాళ్ళ వైపు ఏమిటో అనడానికి ఏందో అంటారు. పాపం మరిచిపోయింది కాబోలు, కనుక్కుని రేపు చెప్పమన్నాను. మర్నాడూ అదే మాట. మూడో రోజు నేను కాస్త విసుక్కుంటే మీ చిరునామా మెసేజ్ పెట్టింది. అందులో నత్సుమి ఎందో అని ఉంది. మూడు రోజులు మీ పేరును నేను ప్రశ్న అనుకున్నందుకు మన్నించాలి.

ఇక నా సంగతి. మాది తెనాలి. ఇరవై ఎనిమిదేళ్ళుగా ఈ దేశపు ప్రభుత్వ ఆసుపత్రుల్లో మత్తు డాక్టరుగా పని చేస్తున్నాను. సెప్టెంబరు ఆఖరుకు రిటైరవుతాను. మా ఆవిడ భానుమతి ఈ ఊరి లైబ్రరీలో పని చేస్తుంది. పోయిన చలికాలం ఒక పుస్తకం ఇంటికి తెచ్చింది. మీ కొండల్లో చెట్టు బెరడు నానబెట్టి, దంచి, నీళ్ళలోంచి కాగితం తీసే ఊళ్ళ బొమ్మలు అందులో ఉన్నాయి. అప్పటి నుంచి చేతికి ఏ కాగితం తగిలినా వెలుతురుకు పట్టుకుని చూస్తోంది. కరెంటు బిల్లును కూడా వదలడం లేదు.

పెళ్ళయ్యాక మేము ఎనిమిది ప్రయాణాలు అనుకున్నాం. ఎనిమిదీ నా రోటా వల్ల ఆగిపోయాయి. రోటా అంటే ఏ డాక్టరు ఏ రోజు డ్యూటీలో ఉండాలో ఆసుపత్రి వాళ్ళు వేసే పట్టిక. రోమ్‌కు పెట్టె సర్దిన రోజున ఒకరికి జ్వరం వచ్చి నన్ను పిలిచారు. కెర్రీకి వెళ్దామని కారెక్కి బెల్టు పెట్టుకున్నాక ఫోన్ మోగింది. తొమ్మిదోది కూడా ఆగితే నేను ఒక్కదాన్నే వెళ్తానని భానుమతి అంది. నవ్వుతూనే అంది. నాకు మాత్రం నవ్వు రాలేదు.

అందుకని నవంబరు మొదట్లో మీతో ఒకరోజు కొండలు, కాగితం, ఊళ్ళు చూడాలని మా కోరిక. మేము శాకాహారులం. నాకు కుడి మోకాలు నొప్పి. ఆ రోజు ఏమేం చూపిస్తారో వివరంగా రాయండి. భానుమతికి ప్రతిదీ ముందే తెలియాలి.

భవదీయుడు,
రామలింగేశ్వరరావు

తా.క. ఈ రోజుల్లో ఉత్తరమేమిటని అనుకోకండి. మీ కంపెనీకి మెయిల్ పెడితే ఒక యంత్రం జవాబిచ్చి నా పాదాల కొలత అడిగింది. రెండుసార్లు చెప్పాను. మూడోసారీ అడిగింది.

*

గిఫు, జపాన్
జూన్ 20

గౌరవనీయులైన డాక్టర్ రామలింగేశ్వరరావు గారికి,

మా ఊళ్ళో వరినాట్లు అయిపోయాయి. పొలాల్లో కప్పలు పాడుతున్నాయి. మీరూ భానుమతి గారూ ఆరోగ్యంగా ఉన్నారని తలుస్తాను. మేము ఏ ఉత్తరమైనా ఋతువుతోనే మొదలుపెడతాం.

నేను శ్రీమతిని కాదు, కుమారిని. ఏం ఫరవాలేదు, ఐర్లండ్ వాళ్ళన్నట్టు గ్రాండ్. నా తెలుగు అనురాధ దగ్గరా, వాళ్ళ పాప ఒకటో తరగతి వాచకంలోనూ నేర్చుకున్నది. తెలుగు మాట తెలియని చోట మా మాట రాస్తాను. తప్పులుంటే దయచేసి దిద్దండి.

మీ కోసం నవంబరు తొమ్మిది, ఆదివారం పెట్టాను. పొద్దున్నే స్టేషన్ దగ్గర కలుస్తాను. ముందుగా కాగితం చేసే ఇల్లు. చల్లటి నీళ్ళలో చేతులు పెట్టి భానుమతి గారే స్వయంగా కాగితం తీయవచ్చు. తర్వాత భోజనం. మీరు శాకాహారులని వంటావిడకు చెప్పాను. నికు లేకుండా వండుతుంది. నికు అసలు ఉండదు, వాసన కూడా తగలదు.

మధ్యాహ్నం కొండ ఎక్కి పాత ఊరికి వెళ్తాం. ఆ రోజుల్లో అక్కడ ప్రతి ఇంటి చూరుకూ కకి వేలాడుతూ ఉంటాయి. తొక్క వలిచి, ఒక్కొక్క దాన్నీ తాడుకు కట్టి, నెల రోజులకు పైగా ఎండబెడతాం. మధ్యమధ్యలో చేత్తో మెల్లగా మర్దనా చెయ్యాలి. అప్పుడు లోపల మెత్తబడుతుంది. పైన తెల్లటి పొడి పట్టిందంటే తియ్యగా అయినట్టు. మీరిద్దరూ తలా ఒక కకికి తొక్క వలవవచ్చు. కత్తి మేమే ఇస్తాం.

మోకాలి గురించి దిగులు పడకండి. ఉమ ఉంది. పొట్టిగా ఉంటుంది గానీ చాలా బలం. మనుషుల్ని వీపు మీద ఎక్కించుకుని కొండెక్కుతుంది. పద్నాలుగేళ్ళది. ఎంత సాధువంటే ఇంతవరకు ఎవరినీ కింద పడెయ్యలేదు.

వినయంతో,
నత్సుమి ఎందో

తా.క. చెట్టు చివరి కొమ్మ మీద ఒక్క కకిని మాత్రం కొయ్యకుండా పిట్టలు తినడానికి వదిలేస్తాం. అది మా ఆచారం.

*

ఎన్నిస్
జూలై 6

కుమారి ఎందో గారికి ఆశీస్సులు.

మీ ఉత్తరం అందింది. పరాయి దేశపు పిల్ల ఇంత చక్కటి తెలుగు రాయడం చూసి నాకు కళ్ళు చెమర్చాయి. మా అబ్బాయి నిఖిల్ ఇక్కడే పుట్టాడు, నేను తెలుగులో అడిగిన దానికి ఇంగ్లీషులో జవాబిస్తాడు. మీరు దీర్ఘాల దగ్గర మాత్రమే తడబడ్డారు. కకి కాదు, కాకి. నికు కాదు, నీకు. పెద్దవాళ్ళతో మాట్లాడేటప్పుడు మీకు అనాలి. దిద్దమన్నారు గనక మీ ఉత్తరాన్ని ఫొటోకాపీ తీసి, ఎర్ర సిరాతో దిద్ది జతపరుస్తున్నాను.

ఇప్పుడు అసలు విషయాలు. భోజనం నాకు లేకుండా వండుతారని, వాసన కూడా తగలనివ్వరని రాశారు. భానుమతి తింటుంటే నేను ఎదురుగా కూర్చుని చూడాలా? ఇది మోకాలు నొప్పి ఉన్నవాళ్ళకు పెట్టిన నియమమా?

కాకుల సంగతి చదివాక నేను కాసేపు కుర్చీలోంచి లేవలేదు. అమ్మాయీ, మేము కాకిని తినం. మా పెద్దవాళ్ళు పోయాక కాకి రూపంలో వస్తారని మా నమ్మకం. తద్దినం నాడు మొదటి ముద్ద కాకికే పెడతాం. మా మామగారి తద్దినానికి వెనక గోడ మీద పిండం పెడితే ఎన్నిస్ కాకులు పిలవకుండానే వచ్చి తినిపోతాయి. అలాంటి పెద్దల తొక్క వలిచి చూరుకు కట్టడం నా చేతుల మీదుగా జరిగే పని కాదు. మీ ఆచారాన్ని నేను తప్పు పట్టను. కానీ కాకిని కాకులకే మేతగా వదలడం నాకు ఎలాగో ఉంది.

భానుమతి ధోరణి వేరు. కాకి తియ్యగా ఎలా అవుతుందో ఆవిడకు తెలియాలట. మర్దనా నూనెతోనా, ఉత్త చేత్తోనా అని అడగమంది. లైబ్రరీలో పక్షుల పుస్తకాలు నాలుగు తిరగేసింది. ఎక్కడా లేదు.

ఇక ఉమ. నాకు అరవై మూడేళ్ళు, ఎనభై రెండు కిలోలు. పద్నాలుగేళ్ళ ఆడపిల్ల వీపు మీద ఎక్కి కొండ ఎక్కే మనిషిని కాను. ఆ పిల్లను మాతో పాటు ఊరికే నడవనివ్వండి. మా పక్కన కూర్చోబెట్టి భోజనం పెట్టండి. వీలైతే బడికి పంపండి.

మీ శ్రేయోభిలాషి,
రామలింగేశ్వరరావు

తా.క. భానుమతి వాళ్ళ అక్క పేరు కూడా ఉమే. డండాక్‌లో ఉంటుంది. మీ ఉత్తరంలో ఆ పేరా ఫోన్‌లో చదివి వినిపించాను. అప్పటి నుంచి నాతో మాట్లాడటం లేదు.

*

గిఫు
జూలై 25

గౌరవనీయులైన డాక్టర్ గారికి,

ఎండలు ముదిరాయి. తెల్లారకముందే కీచురాళ్ళు మొదలెడుతున్నాయి. మీ ఎర్ర సిరా కాపీని నా బల్ల ముందు గోడకు అంటించుకున్నాను. మా మాటే మీ భాషలోనూ ఉందని, దీర్ఘం ఒక్కటే తేడా అని తెలిసి ఆశ్చర్యపోయాను. ఇకపై కాకి అనే రాస్తాను.

మీ పెద్దలు కాకి రూపంలో వస్తారన్న మాట మా ఊరి సమావేశంలో చెప్పాను. మా వెదురు బుట్టలల్లే తాతగారు కళ్ళు తుడుచుకున్నారు. ఇన్నేళ్ళూ తెలియక తిన్నామని బాధపడ్డారు. ఇప్పుడు పోయినేటివి మిగిలినవి తినేముందు అందరూ నమస్కారం పెడుతున్నారు. వాళ్ళకొక సందేహం వచ్చింది. కాకుల్లో తీపి రకం ఉంది, వగరు రకం ఉంది. మీ మామగారు ఏ రకం? వగరైతే ఏం ఫరవాలేదు. ఎండబెడితే వగరంతా పోతుంది.

భానుమతి గారికి చెప్పండి, నూనె వద్దు. ఉత్త చేత్తోనే, చంటిపిల్లకు చేసినట్టు చెయ్యాలి. ఆవిడ అడిగిన ప్రశ్న ఇంతవరకు ఏ యాత్రికుడూ అడగలేదు.

నీకు లేకుండా మీకు కష్టమని అర్థమైంది. భానుమతి గారికి తెలియకుండా మీ ఒక్కరికీ నీకు పెట్టమంటారా? వంటావిడ పక్క గదిలో పెడుతుంది. నేను ఎవరికీ చెప్పను.

ఉమను భోజనాల గదిలోకి తేవడం కుదరదు. ఒకసారి వచ్చి గడ్డిచాపలు సగం తినేసింది. బడికి కూడా ఒకసారి తీసుకెళ్ళాం. పిల్లలు సంతోషించారు గానీ ఉమకు నచ్చలేదు.

ముఖ్యమైన షరతు ఒకటి చెప్పడం మరిచాను. అమె వస్తే ప్రయాణం రద్దు. సగం దారిలో వచ్చినా అందరినీ వెనక్కి తిప్పేస్తాం. అమె వస్తే ఆ కొండ మీద ఎవరికీ క్షేమం కాదు. కాగితం ఆరదు. ఉమ మొండికేస్తుంది. ఈ విషయంలో మా కంపెనీ ఎవరి మాటా వినదు.

వినయంతో,
నత్సుమి ఎందో

తా.క. మీ ప్రయాణం రోజున అమె రాకూడదని మా అమ్మమ్మ ఇప్పటి నుంచే తెల్లగుడ్డతో బొమ్మ చేసి, మెడకు దారం కట్టి కిటికీకి వేలాడదీసింది. రోజూ దానితో మాట్లాడుతోంది. చాలాసార్లు పని చేసింది.

*

ఎన్నిస్
ఆగస్టు 12

ఎందో గారికి,

ఈ ఉత్తరం మూడోసారి రాస్తున్నాను. మొదటి రెండూ పోస్టులో వెయ్యదగినవి కావు.

అమె అని రాశారు. అలవాటు ప్రకారం దీర్ఘం నేనే పెట్టుకుని చదివాను. ఆమె వస్తే ప్రయాణం రద్దు, ఆమె వస్తే ఎవరికీ క్షేమం కాదు. ఈ ప్రయాణంలో ఆమె అంటే నా భార్య ఒక్కతే. ఆవిడ కోసమే నేను ఇదంతా తలపెట్టాను. మర్దనా నూనెతోనా అని అడిగినందుకా మీకు ఇంత కోపం? తెల్లగుడ్డ బొమ్మ మెడకు దారం కట్టడం లాంటివి మా వైపూ ఉన్నాయి. వాటిని ఏమంటారో నాకు తెలుసు. మీ అమ్మమ్మ గారిని ఆ బొమ్మ విప్పేయమని చెప్పండి.

ఆవిడకు తెలియకుండా పక్క గదిలో నాకు భోజనం పెడతానన్నారు. ముప్పై నాలుగేళ్ళ కాపురంలో నేను ఆ పని చెయ్యలేదు. ఆకలికి చాపలు తింటున్న పిల్ల గురించి మీరు తాపీగా రాసిన తీరు ఇంకా ఘోరం. మా మామగారు వగరో తీపో మీకు అనవసరం.

ప్రయాణం రద్దు చేసుకుంటున్నాను. ఆసుపత్రి వాళ్ళు క్రిస్మస్ దాకా ఉండమని ఎప్పటి నుంచో బతిమాలుతున్నారు. ఉంటానని నిన్న మాటిచ్చాను. జపాన్ వాళ్ళే రద్దు చేశారని భానుమతికి చెప్పాను. ఎందుకని అడగలేదు. పెట్టె తీసుకెళ్ళి అటక మీద పెట్టేసి వచ్చి, చారులో పోపు వేసింది. ఆవిడ అడిగి ఉంటే నాకు ఇంత బాధ ఉండేది కాదు.

ఇట్లు,
రామలింగేశ్వరరావు

తా.క. ఉమ అనే పిల్ల విషయం ఇక్కడి పోలీసులకు, అంటే గార్డులకు, చెబుదామని స్టేషన్‌కు వెళ్ళాను. కెవిన్ అనే గార్డు అంతా శ్రద్ధగా విన్నాడు. చాపల దగ్గరికి వచ్చేసరికి పెన్ను కింద పెట్టి, ముందు ఒక కప్పు టీ తాగండి డాక్టర్ అన్నాడు.

*

గిఫు
ఆగస్టు 29

గౌరవనీయులైన డాక్టర్ గారికి,

ఈసారి ఋతువు గురించి రాయలేను. మీ ఉత్తరం చదివి రెండు రోజులు నాకు అన్నం సహించలేదు. మూడో రోజు అనురాధకు ఫోన్ చేసి మన ఉత్తరాలన్నీ చదివి వినిపించాను. ఆవిడ నవ్వు ఆపుకోవడానికి ఇరవై నిమిషాలు పట్టింది. తర్వాత ఒక్కొక్క మాటకూ తెలుగు చెప్పింది. అవి ఇక్కడ రాస్తున్నాను. కాగితం మీద నీటి చుక్కలు పడితే మన్నించండి.

కకి ఒక పండు. నారింజ రంగులో ఉంటుంది. ఎన్నిస్ దుకాణాల్లో పర్సిమ్మన్ అనో, షారన్ ఫ్రూట్ అనో అమ్ముతారట. మేము చూరుకు కట్టేది ఆ పండునే. పిట్టలకు వదిలేదీ ఆ పండునే. దానికి తెలుగులో పేరు అనురాధకు కూడా తెలియదు.

నికు అంటే మాంసం. మీకు మాంసం లేని భోజనం పెడతామని చెప్పాను. తర్వాత మీరు అడిగారనుకుని దొంగచాటుగా మాంసం పెడతానన్నాను. ఇది తలుచుకుంటే ముఖం ఎక్కడ పెట్టుకోవాలో తెలియడం లేదు.

ఉమ అంటే గుర్రం. క్లాండాల్కిన్‌లో మా ఇంటి వెనక మైదానంలో రెండు కట్టేసి ఉండేవి. వాటిని అనురాధ హార్స్ అనే అనేది. తెలుగులో గుర్రం అంటారని నాకు నిన్న తెలిసింది. మా ఉమ క్షేమంగా ఉంది, కడుపునిండా తింటోంది.

అమె అంటే వాన. అది వస్తే కొండ దారి జారుతుంది, అందుకే రద్దు చేస్తాం. మా అమ్మమ్మ బొమ్మ వాన రాకుండా ఉండటానికి. ఇక్కడ చిన్న పిల్లలు కూడా చేస్తారు. మీరు అడగవచ్చు, ఐర్లండ్‌లో నాలుగేళ్ళుండి వానకు తెలుగు మాట తెలియదా అని. రోజూ పొద్దున్న అనురాధ కిటికీ తెర తీసి "మల్లా మొదలైంది" అనేది. వానను తెలుగులో అదే అంటారనుకున్నాను. పెద్ద మాట కదా అని ఉత్తరంలో మా మాట రాశాను.

భానుమతి గారు రాకూడదని నేను ఎందుకు అనుకుంటాను? ఆవిడ కోసమే ఎదురు చూస్తున్నాను. ఏడేళ్ళుగా ఈ పని చేస్తున్నాను. అందరూ ఫొటో ఎక్కడ బాగా వస్తుందని అడుగుతారు. కాకి ఎందుకు తియ్యగా అవుతుందని అడిగింది ఆవిడ ఒక్కరే. తొమ్మిదో తేదీ అలాగే ఉంచాను, ఎవరికీ ఇవ్వలేదు. దయచేసి ఈ ఉత్తరం ఆవిడకు చూపించండి.

క్షమాపణలతో,
నత్సుమి

తా.క. మీ మామగారు వచ్చేది పండు రూపంలో కాదని ఊళ్ళో ఇంకా చెప్పలేదు. పదకొండు ఇళ్ళవాళ్ళు నమస్కారం పెట్టాకే తింటున్నారు. బుట్టల తాతగారు అసలు తినడమే మానేశారు. ఆయనకు ఎలా చెప్పాలో మీరే సలహా ఇవ్వండి.

*

ఎన్నిస్
అక్టోబరు 27

చిరంజీవి నత్సుమికి దీవెనలు.

జవాబుకు ఇంత ఆలస్యం చేసినందుకు సిగ్గుగా ఉంది. నీ ఉత్తరం సెప్టెంబరు మొదటి వారంలోనే అందింది. చదివి నవ్వాను, తర్వాత చాలాసేపు నవ్వలేకపోయాను. నీ తెలుగులో ఒక్క దీర్ఘం కూడా తప్పు లేదు. నువ్వు రాయని దీర్ఘాలు పెట్టి చదివినవాణ్ణి నేను. ఎర్ర సిరా పెన్ను పారేశాను. నిన్ను ఇకపై నువ్వు అనే అంటాను, కూతురి లాంటిదానివి.

ఆ రోజే భానుమతికి చెబుదామనుకున్నాను. కానీ ఆసుపత్రికి మాట ఇచ్చేశాను కదా. నవంబరు రోటాలో నా పేరు ఎక్కేసింది. ఇప్పుడు నిజం చెబితే, జపాన్ వాళ్ళు రద్దు చెయ్యలేదు, నేనే చేశానని ఒప్పుకోవాలి. రేపు చెబుదాం, ఎల్లుండి చెబుదాం అనుకుంటూ ఏడు వారాలు గడిపాను. నీ ఉత్తరం భద్రంగా దాచాను. నీ దగ్గర దాచడమెందుకు, ఆగస్టులో నాకు వచ్చిన కోపంలో సగమే నిజం. మిగతా సగం ఊరట. ఎనిమిదిసార్లు ఇంట్లో నేనే దోషిని. తొమ్మిదోసారి తప్పు ఇంకొకరిదని చెప్పుకునే అవకాశం దొరికింది.

భానుమతి నాలుగు రోజుల కింద డండాక్ వెళ్ళింది, వాళ్ళక్క దగ్గర కొన్నాళ్ళు ఉండి వస్తానని. ఇల్లు బోసిగా ఉంది. మొన్న డ్యూటీ నుంచి వస్తూ దుకాణంలో ఒక కకి కొన్నాను. నిలబడే తిన్నాను. బాగుంది. ఇది ఎలా ఉందో చెప్పడానికి ఇంట్లో ఎవరూ లేరని అప్పుడు గుర్తొచ్చింది.

నా మాట విను. ఈ తొమ్మిదో తేదీ ఎవరికైనా ఇచ్చెయ్యి. వచ్చే ఏప్రిల్‌కు మాకు ఒక రోజు పెట్టు. అప్పటికి నేను నెమ్మదిగా అన్నీ సర్ది చెబుతాను. ఆవిడకు మాత్రం ఈలోగా ఏమీ తెలియకూడదు. ఇది మనిద్దరి మధ్యే ఉండాలి.

ఆశీస్సులతో,
రామలింగేశ్వరరావు

తా.క. బుట్టల తాతగారికి నిజం చెప్పకు. మా మామగారు తీపి రకమని, నిరభ్యంతరంగా తినమన్నారని చెప్పు. బతికుండగా ఆయనను తీపి అన్నవాళ్ళు ఎవరూ లేరు.

*

గిఫు
నవంబరు 10

గౌరవనీయులైన డాక్టర్ గారికి,

కొండంతా ఎర్రబడింది. ప్రతి చూరుకూ కకి వేలాడుతున్నాయి. ఒక చిన్న వాక్యం రాస్తున్నాను. దీర్ఘాలు నేనే రెండుసార్లు సరిచూశాను. నిన్న అమె రాలేదు. ఆమె వచ్చారు.

భానుమతి గారు మా ఊళ్ళోనే ఉన్నారు. సెప్టెంబరులోనే నాకు విడిగా ఉత్తరం రాశారు. తొమ్మిదో తేదీకి తాను ఒక్కతే వస్తానని, మీకు చెప్పవద్దని. మీరు భద్రంగా దాచిన ఉత్తరం వంటింటి ప్రెస్‌లో, అంటే అల్మారాలో, బియ్యం డబ్బా వెనక ఉందట. దాచిన మర్నాడే ఆవిడ అన్నం వండడానికి డబ్బా తీశారట.

మీ ఉత్తరం నిన్న పొద్దున్నే, మేము బయలుదేరే ముందు, మా పోస్టు డబ్బాలో కనబడింది. మీ చేతిరాత చదవడం ఎప్పుడూ నాకు కష్టమే. పక్కనే ఉన్నారు కదా అని భానుమతి గారిని చదివి వినిపించమన్నాను. సగం వచ్చాక నేను చేసిన పని తెలిసి ఆపబోయాను. ఆవిడ ఆగలేదు. సగం నిజం, సగం ఊరట అన్న చోట మాత్రం రెండుసార్లు చదివారు. ఆవిడకు ఏమీ తెలియకూడదన్న వాక్యం కూడా గట్టిగానే చదివారు. తర్వాత ఉత్తరం మడిచి, ఇక కాగితం చూపించు అన్నారు.

రోజంతా ఆవిడ అడిగిన ప్రశ్నలకు కాగితం చేసే ఆయన రెండుసార్లు పని ఆపి లోపలికి వెళ్ళి వాళ్ళ నాన్నగారిని అడిగి వచ్చారు. బెరడు ఏ నెలలో కొడతారు, నీళ్ళు చల్లగానే ఎందుకుండాలి, కాగితానికి ముందు వైపు ఏదని. ముందు వైపు ఏదో ఇంతవరకు ఎవరూ అడగలేదట. కొండకు ఉమ మీద వెళ్ళమంటే, పద్నాలుగేళ్ళ పిల్లను కష్టపెట్టను అని నడిచే ఎక్కారు. ఉమ వెనకాలే నడిచింది. ఆవిడ నలభై మూడు కకికి తొక్క వలిచారు.

కింద ఆవిడ రాస్తానంటున్నారు. నేను చదవను.

వినయంతో,
నత్సుమి

తా.క. ఏమండీ, డండాక్‌కు ఫోన్ చెయ్యడం మానండి. అక్కకు అబద్ధం చెప్పడం రాదు, మీ నంబరు చూస్తేనే వణికిపోతోంది. ఫ్రిజ్‌లో పప్పు ఇప్పటికి అయిపోయి ఉంటుంది. కొత్తగా పెట్టుకోండి, బియ్యం డబ్బా ఎక్కడుందో మీకు తెలుసు.

ఈ ఉత్తరం రాసిన కాగితం నేను తీసింది. వెలుతురుకు పట్టుకుని చూడండి. ఒక మూల పలచగా ఉంటుంది. అది తీస్తుండగా మీ ఉత్తరం గుర్తొచ్చింది.

మీరు రద్దు చేసిన ప్రయాణాల్లో ఇది తొమ్మిదోది. నేను మానుకోని మొదటిది. విమానంలో పద్నాలుగు గంటలూ మీ మీద కోపంతోనే కూర్చున్నాను. నిన్న మీ ఉత్తరం చదివాక ఆ కోపం పోయిందని అనను. కానీ కొండ మీద నిలబడి ఏది చూసినా, ఇది ఈయన చూడాలి అనే అనిపించింది. అదే నాకు ఎక్కువ కోపం తెప్పించింది.

నెలాఖరు దాకా ఇక్కడే ఉంటాను. రోటా చూసి జవాబు రాయకండి. రండి.

భానుమతి